కడబంతి తొట్టికి పెద్ద ముక్కు

ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు చెప్పుకున్నాకే ముందుకు చదవండి. మీరు ఇప్పుడే ఊపిరి తీసుకున్నారు కదా, అది లోపలికి రావడానికి చోటు ఎవరిచ్చారు?

అంతకు ముందు మీరు వదిలిన ఊపిరి ఇచ్చింది. అది పోయింది కాబట్టే ఇది వచ్చింది. నేను ప్రవచనం చెప్పే గ్రంథంలో ఉన్న మాటే. భజన మందిరంలో మైకు పట్టుకొని నేను ఎన్నోసార్లు అరిచి చెప్పిన మాటే. కానీ దాన్ని కళ్లతో చూసింది, చెవులతో విన్నది మాత్రం ఆవిరి పైపులు బిగించే ఒక మిస్త్రీ దగ్గర. ఆ మిస్త్రీ మొన్న మంగళవారం పొద్దున పరకాలలో, కూతురింటి అరుగు మీద, సగం తాగిన చాయ్ పక్కన పెట్టి ఒక పెద్ద ఊపిరి వదిలాడు. మళ్లీ తీసుకోలేదు.

నా చెల్లె ఫోన్ చేసింది. "మామ పోయిండన్నా" అంది. ఆ తర్వాత నాకు ఫోన్లో ఆమె ఊపిరి వినిపించింది. పిల్లికూతలు లేవు, ఈల లేదు. మామూలు మనిషి ఊపిరి. అది ఆయన పెట్టిన భిక్ష. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. కాశిబుగ్గలో మా వాడకట్టు మొత్తానికీ మామే. వయసులో ఉన్నప్పుడు ఒక మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేశాడు. మిల్లు మూతపడ్డాక ఇంటింటి రంగుల షెడ్లలో పైపులు బిగిస్తూ బతికాడు. మా దగ్గర మగ్గాలున్న ఇళ్లలో కొన్ని నేత వదిలి, నూలుకు రంగులద్దే పనిలోకి దిగాయి. నా చెల్లె ఇల్లు అలాంటిదే. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో వరసగా మూడు తొట్లు, ఒక్కో తొట్టి కింద ఒక కట్టెల పొయ్యి. నీళ్లు మరగకపోతే నూలుకు రంగు నిలవదు. నీళ్లు మరగాలంటే పొయ్యి మండాలి. పొయ్యి మండితే పొగ. బావ కాలం చేశాక ఆ షెడ్డు ఒక్కటే చెల్లెకూ, ఆమె అత్తమ్మకూ కూడు పెడుతోంది. ఆ కూటితో పాటు పొగ కూడా తిన్నది నా చెల్లె, ఏళ్ల తరబడి.

చివరికి రాత్రి పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకొని కూర్చునే దాకా వచ్చింది. దవాఖానలో డాక్టరమ్మ వీపు మీద గొట్టం ఆనించి విన్నది. "పొగన్న మానాలె, పనన్న మానాలె. రెండూ ఉంటయంటే నువ్వుండవమ్మా" అంది. పని మానితే తినేదేమిటి? బయటికొచ్చి దవాఖాన మెట్ల మీద ముగ్గురం కూర్చున్నాం. నా సంచిలో గ్రంథం ఉంది. విప్పబుద్ధి కాలేదు. అత్తమ్మ మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకొని, "నా కోడలికి ఊపిరి నిలవెట్టు తల్లీ, నీకు ముడుపు కడతా" అని అక్కడే మొక్కుకుంది. ఆ మొక్కు ముందుముందు ఎంత పని చేస్తుందో అప్పుడు మాకెవరికీ తెలియదు.

మరునాడు మామ వచ్చాడు. పిలవకుండానే వచ్చాడు. చొక్కా జేబులో అగరొత్తుల కట్ట, చేతిలో పానా. షెడ్డంతా చూసి, పొయ్యిల్లో బూడిద కాలితో కదిపి, "ఈటిని తీసి అవతల పారేయ్ బిడ్డా" అన్నాడు. "గోడ అవతల ఒక్క బాయిలర్ పెడదాం. ఊకను అదిమి చేసిన ఇటుకలు మండుతయి, పొగ గొట్టంలకెల్లి మీదికి పోతది. లోపలికి ఆవిరి ఒక్కటే వస్తది. తొట్లకు రెండు గోడలు చేపియ్యి. ఆ గోడల నడుమ ఆవిరి తిరిగితే నీళ్లు వాటంతటవే మరుగుతయి."

"ఆవిరి అంత దూరం పోతదా మామా?" అని చెల్లె అడిగింది. "పక్క వాడల ఒకలు పెట్టుకున్నరు. మొదటి తొట్టి కుతకుత ఉడుకుతది, ఆఖరుది సల్లగ సచ్చినట్టుంటది. మళ్ల ఆ తొట్టికి కట్టెలే పెడుతున్నరు."

"వాళ్లు ముక్కు పెట్టుకోలేదు మరి."

ముక్కు. ఆ మాట మొదటిసారి విన్నది అప్పుడే. జేబులోంచి బొటనవేలంత ఇత్తడి బుడిపె తీసి నా అరచేతిలో పెట్టాడు. నెత్తిన చిన్న రంధ్రం. బాయిలర్ అంటించకముందు పైపుల్లో, తొట్టి గోడల నడుమ ఉన్నదంతా గాలే కదా. ఆవిరి వచ్చేసరికి ఆ గాలి పోయే దారి లేక చివరికి జరిగి, అక్కడే తిష్ఠ వేస్తుంది. ఇల్లు ఖాళీ చేయని కిరాయిదారు లాగా. కొత్తవాడు గడపలో మూటలతో నిలబడతాడు. ఆ గాలిని బయటికి పంపేదే ఈ ముక్కు. "గాలి వచ్చినంత సేపు తెరిచే ఉంటది పంతులూ. ఆవిరి తగలంగనే లోపలున్న సన్నటి డొల్ల వేడికి ఉబ్బి టిక్కుమని మూసుకుంటది. మళ్ల సల్లవడితే తెరుచుకుంటది."

నన్ను ఆయన పంతులు అనే పిలిచేవాడు, ఎగతాళికి. నేను పౌరోహిత్యం ఎరగను. గ్రంథం సొంతంగా కూడబలుక్కొని చదివిన మనిషిని. ఆ ఇత్తడి బుడిపెను తిప్పి తిప్పి చూశాను. ఏది పంపాలో ఏది ఉంచుకోవాలో తెలిసినవాడే వివేకి అని నేను జనానికి చెబుతాను. ఈ బుడిపెకు కళ్లు లేవు, చెవులు లేవు, గాలికి తలుపు తీసి ఆవిరికి తలుపు వేస్తుంది. దాన్ని అరచేతిలో పెట్టుకొని చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

"దాంతోని పూజ చేస్తవా ఏంది, ఇటు తే" అన్నాడు.

ఇక పేచీ అత్తమ్మతో వచ్చింది. మామ మొదట అనుకున్న ప్రకారం నీళ్ల ట్యాంకు పక్కన, అంటే వాయవ్యం మూల గోడ అవతల బాయిలర్. అక్కడ బయల్దేరిన పైపు మూడు తొట్లూ దాటి ఆగ్నేయం మూలలో ఆగుతుంది. పైపులోని గాలంతా పోయే పెద్ద ముక్కు ఆ కొసన. అత్తమ్మ మంచం దిగి వచ్చి షెడ్డు నడుమ నిలబడింది.

"ఏంది తమ్మీ, గాలి దేవుని మూలకు మంట తెస్తవు, మంట దేవుని మూలకు గాలిని తోల్తవు. ఇల్లు నిలవడ్తదా?"

"అక్కా, గాలికి దిక్కులు తెల్వయి. పైపు యాడ ఆగితే ఆడ్నే ఆగుతది."

"నీకు తెల్వకపోతే అగో, మావోడున్నడు, గ్రంథం సంకల పెట్టుకొని తిరుగుతడు. అడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు. ఆగ్నేయం అగ్నిది, వాయవ్యం వాయువుది. ఆ మాట మార్చడానికి నేనెవణ్ణి? ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అన్నా, నువ్వు జర సప్పుడు జెయ్యకుంటే ఏం పోయేది?" అని చెల్లె పళ్లు నూరింది.

మామ కోప్పడలేదు. గోడ వెంట ఒకసారి నడిచాడు. ఆగ్నేయం మూలకు పోయి అవతలికి తొంగిచూశాడు. చాయ్ తెమ్మని, తాగి, గ్లాసు కిందపెట్టాడు. "అక్క చెప్పినట్టే చేద్దాం. మంటను మంట మూలకే తెద్దాం. అప్పుడు పైపు కొస దానంతటదే గాలి మూలల వడ్తది. నీళ్ల పైపు ఒకటి జర పొడుగు వేసుకుంటే అయిపాయె." తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి, "దేవుళ్ల మూలలు జరపరాదు గని పంతులూ, పైపులు జరుగుతయి" అన్నాడు.

చూశారా? ఒక్కరి మాటా తీసిపారేయకుండా, ఒక్క మనిషిని కించపరచకుండా, మొత్తం లెక్కను తలకిందులు చేసి నిలబెట్టాడు. అగ్ని తన మూలలో కూర్చుంది. వాయువు తన మూలలోంచి వెళ్లిపోతుంది. నడుమ నీరు ఆవిరై నడుస్తుంది. పంచభూతాల గురించి నేను చెప్పిన ప్రవచనాలన్నీ ఆ రేకుల షెడ్డులో ఒక ఇనప పైపు మీద కనిపించాయి.

పని చేస్తున్నంత సేపు ఆయన నోరు ఊరుకునేది కాదు. పైపు మొత్తం బాయిలర్ వైపుకు కాస్త వాలుగా పెట్టాడు, చల్లారిన ఆవిరి నీళ్లయి వెనక్కి పోవడానికి. పెద్ద ముక్కును సరిగ్గా కొసన కాకుండా జానెడు ఇవతల, చిన్న పైపు ముక్క మీద ఎత్తుగా నిలబెట్టాడు. "కొస మీదికి నీళ్లు ఉరికొచ్చి తలకాయ గుద్దుకుంటయి. ఆడ పెడితే ముక్కు పలుగుతది." నిటారుగా ఉందా అని మాటిమాటికీ ఒంగి చూసేవాడు. "వంకర ముక్కుల నీళ్లు దిగుతయి బిడ్డా, జలుబు చేస్తది."

తొట్లకు కూడా తలా ఒక చిన్న ముక్కు. ఆవిరి ఒక పక్కనుంచి లోపలికొస్తే, ముక్కు దానికి ఎదుటి పక్క. అది కూడా పైన కాదు, నడుముకు. నాకు అర్థం కాలేదు. వేడి పైకి పోతుంది కదా, గాలిని పైనుంచే పంపాలి కదా అన్నాను. "ఆవిరి గాలికంటె తేలిక. పైన పెడితే ముందుగల ఆవిరే పోయి తలుపేసుకుంటది. గాలి కింద కాళ్లు జాపుకొని పంటది." నేను గ్రంథం తీసి ఒక పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను. ఇప్పటికీ ఉంది.

ఆ మూడు ముక్కుల రంధ్రాలు ఒక్కలాగా లేవు. దగ్గరి తొట్టికి సన్నది, నడిమి దానికి కాస్త పెద్దది, ఆఖరి దానికి అన్నిటికన్నా పెద్దది. ఆ ఆఖరి తొట్టికి ఆయన పెట్టిన పేరు కడబంతి. పెండ్లిలో ఆఖరి బంతికి కూర్చున్నవాళ్ల సంగతి మీకు తెలుసు కదా. వాళ్ల దగ్గరికి వచ్చేసరికి బూరెలు అయిపోతాయి, పప్పులో నీళ్లు కలుస్తాయి. "దగ్గరోడు ఎట్లనన్న తింటడు. కడబంతోనికి పెద్ద ముక్కు పెట్టాలె. అప్పుడు అందరికి ఒక్కతీరుగ అందుతది." సమానంగా ఇవ్వడమంటే ఒకే కొలత ఇవ్వడం కాదని, దూరంలో ఉన్నవాడికి పెద్ద దారి ఇవ్వడమని ఇంత సూటిగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. తానూ అట్లాగే ఉండేవాడు. ఏ పెండ్లికి పిలిచినా కడబంతిలోనే కూర్చునేవాడు. "ఆడ అందిందంటే వంట మంచిగైనట్టు" అనేవాడు. మా భజన మందిరంలో కూడా గోడకు ఆనుకొని ఆఖరున కూర్చునేవాడు. ఒకసారి ప్రవచనం అయ్యాక దగ్గరికొచ్చి, "పంతులూ, నీ లొల్లంతా ముందటోళ్ల చెవులల్లనే వడ్తాంది. ఎనకోళ్లు నిద్రవోతాన్లు" అన్నాడు. ఆ వారం నుంచి నేను వేదిక మీద కాదు, మందిరం నడుమ నిలబడి మాట్లాడుతున్నాను.

బాయిలర్ అంటించే రోజు వచ్చింది. చెల్లె స్నానం చేసి బొట్టు పెట్టుకొని వచ్చింది. ఆ రోజు కూడా దగ్గుతూనే ఉంది. అప్పటికే చేతిలో ఉన్నదంతా పైపుల్లోకీ తొట్లలోకీ పోయింది. ఇది నడవకపోతే మళ్లీ కట్టెలు, మళ్లీ పొగ, డాక్టరమ్మ అన్న ఆ 'నువ్వుండవమ్మా' అనే మాట.

మొదటి తొట్టి గోడ వేడెక్కింది. నడిమిదీ వేడెక్కింది. కడబంతి తొట్టి మీద చెల్లె అరచెయ్యి పెట్టి నిలబడింది. నిలబడే ఉంది. చల్లగానే ఉంది. "పక్క వాడోళ్ల లెక్కనే అయింది మామా" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు ఇంకా భయం వేసింది.

మామ పైపుకు చెవి ఆనించాడు. వినుకుంటూ వినుకుంటూ వాయవ్యం మూలకు పోయి తలెత్తాడు. కొస దగ్గరున్న పెద్ద ముక్కుకు ఒక పసుపు గుడ్డ బిగించి కట్టి ఉంది. ముడుపు. కడబంతి తొట్టి నడుముకున్న చిన్న ముక్కుకు కూడా ఇంకొకటి. పొద్దున్నే ఎవరూ లేవకముందు అత్తమ్మ స్టూలెక్కి కట్టింది. లోపల రూపాయి బిళ్ల సరిగ్గా రంధ్రం మీద కూర్చుంది. దాని మీద నాలుగు చుట్లు, మూడు ముళ్లు.

అత్తమ్మకు విషయం అర్థమై మొహం పాలిపోయింది. "కోడలి ఊపిరికని కట్టిన తమ్మీ. ముక్కు అన్నవు గద. ఊపిరి ముక్కుల ఉంటదని..."

మామ ఆ ముళ్లు గోళ్లతో విప్పాడు. కోయలేదు. కత్తెర ఇస్తానంటే వద్దని తల ఊపాడు. రెండు ముడుపులూ కళ్లకద్దుకొని, ఏ ముక్కుది ఆ ముక్కు కింద పైపు మెడకు మళ్లీ కట్టాడు, రూపాయి బిళ్లలతో సహా. "మొక్కు మంచిదే అక్కా. ముడుపు మెడకు కట్టాలె, ముక్కుకు కాదు."

అప్పుడు వినిపించింది. ఉస్స్‌మని, సన్నగా, ఆగకుండా. మామ జేబులోంచి ఒక అగరొత్తి తీసి వెలిగించి ముక్కు దగ్గర పట్టాడు. నిటారుగా లేస్తున్న పొగ పక్కకు వంగింది, ఎవరో ఊదుతున్నట్టు. ఆయన జేబులో అగరొత్తులు చూసి ఎంత భక్తిపరుడో అనుకునేవాళ్లం. అవి ఇందుకన్నమాట. కానీ ఆ క్షణాన మేము నలుగురం నిలబడ్డ తీరు చూసి ఉంటే అది పూజ కాదని ఎవరూ అనరు. ఆ షెడ్డు గుండెలో ఎప్పటినుంచో పట్టి ఉన్న ఊపిరి బయటికి పోతోంది. నేను, మైకు లేకపోయినా గొంతు తగ్గించని మనిషిని, నోరు మూసుకొని నిలబడ్డాను.

టిక్.

చెల్లె చెయ్యి తొట్టి మీదే ఉంది. ఉన్నట్టుండి వెనక్కి లాక్కొని ఊదుకుంది. "అబ్బ, కాలింది" అంది. అని నవ్వింది. ఎంత కాలమైందో ఆ నవ్వు వినక. నవ్వు చివర దగ్గు వస్తుందని మేమంతా ఆగాం. రాలేదు.

అప్పటి నుంచి పండక్కీ పబ్బానికీ వచ్చినా రాకపోయినా, ముక్కుల కోసం మాత్రం మామ వచ్చేవాడు. మా నీళ్లలో సున్నం ఎక్కువ. రంధ్రాల్లో పేరుకుంటే ముక్కు దిబ్బడ పడుతుందని, బాయిలర్ చల్లారాక ముక్కులు విప్పి చింతపండు పులుసులో నానేసి కడిగేవాడు. అట్లా ఎన్ని ఇళ్లు తిరిగేవాడో నాకు తెలియదు. కొందరు ఆవిరి దండుగ పోతోందని ముక్కుకు చింకిగుడ్డ చుట్టేవాళ్లు. కొందరు నీటి చుక్కలు నూలు మీద పడుతున్నాయని చెక్క బిరడా కొట్టేవాళ్లు. ఆయన పోయి తీసేవాడు, మళ్లీ పెట్టేవాళ్లు, మళ్లీ తీసేవాడు. "కడబంతి సల్లవడితే వాళ్లు మంట పెంచుతరు పంతులూ. మంట పెంచితే బాయిలర్ మీద భారం. ఒకనాడు పానం మీదికొస్తది. ఫికర్ దాని గురించే."

కాళ్లు ఆడక పరకాలకు, కూతురి దగ్గరికి పోయాక నేను ఒకసారి చూసి వచ్చాను. గ్రంథంలోంచి ఏదన్నా చదవమంటాడేమో అనుకున్నాను. "చెల్లె దగ్గుతాందా?" అని అడిగాడు. లేదన్నాను. "ముడుపు మెడకే ఉన్నదా?" అని అడిగాడు. ఉందన్నాను. కళ్లు మూసుకొని తృప్తిగా తల ఊపాడు. ఆ మాటే ఆఖరు.

దహనం ముగించుకొని వచ్చిన మరునాడు చెల్లె షెడ్డుకు పోయాను. నూలు నానేసి ఉంది, పని ఆపితే పాడవుతుంది. బాయిలర్ అంటించింది. కడబంతి తొట్టి వేడెక్కలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇట్లాంటప్పుడు ఫోన్ చేసే మనిషి లేడు. అత్తమ్మ మంచం మీద నుంచే, "తమ్మి ఉంటేనా..." అని ఆగిపోయింది. షెడ్డు మూలన పాత పొయ్యి ఒకటి ఇంకా కూలగొట్టకుండా ఉంది. చెల్లె దాని వైపు ఒకసారి చూసింది.

తర్వాత బాయిలర్ ఆర్పింది. చల్లారే దాకా కూర్చుంది. పానా తెచ్చి స్టూలెక్కి, ముడుపును జాగ్రత్తగా కిందికి జరిపి, పెద్ద ముక్కు విప్పింది. రంధ్రం నిండా తెల్లటి సున్నం. వంటింట్లోంచి చింతపండు తెచ్చింది. నేను ఏం చేయాలో తెలియక నిలబడితే, "అగరొత్తి పట్టుకో అన్నా, ఉత్తగ నిలవడకు" అంది.

మళ్లీ అంటించాక నేను అగరొత్తి పట్టుకొని నిలబడ్డాను. పొగ కాసేపు నిటారుగా లేచింది. ఆ తర్వాత వంగింది. పైపు మెడకు వెలిసిపోయిన పసుపు ముడుపు, మామ తన చేత్తో వేసిన ముడి, ఆ ముడి కొస కూడా ఆ ఊపిరికి సన్నగా కదిలింది.

అన్నలారా, అక్కలారా, ఆయన ఇక రాడు. మీ షెడ్డుకు రాడు, మీ డాబా మీదికి రాడు. పైపు కొసన మీరు చుట్టిన గుడ్డ, కొట్టిన బిరడా, నీళ్లు కారుతున్నాయని డాబా మీద సోలార్ వేడినీళ్ల ట్యాంకు గాలి గొట్టానికి తొడిగిన మూత, ఎక్కడివక్కడే ఉన్నాయి. రేపనకండి. ఈ మాట చదివి ముగించగానే లేవండి. పొయ్యి ఆర్పి, బాయిలర్ చల్లారనిచ్చి, స్టూలెక్కి చూడండి. గుడ్డ ఉంటే విప్పండి, బిరడా ఉంటే పీకండి, సున్నముంటే కడగండి. అది ముడుపే అయితే పారేయకండి, కళ్లకద్దుకొని మెడకు కట్టండి. పొద్దు గూకకముందే, ఇవాళే, మీ కడబంతికి ఊపిరి ఇవ్వండి.